గని పక్క బోరు నీళ్లు: రిపోర్టు బాగుందంటారు, పప్పు మాత్రం ఉడకట్లేదు

నాపరాయి_సుబ్బు
మాది ఎర్రగుంట్ల వైపు ఒక ఊరు. ఊరికి దక్షిణంగా కిలోమీటరున్నర దూరంలో సున్నపురాయి గని ఉంది, పేరు ఎందుకులే. ఐదారేళ్ల కిందట మా ఇంటి బోరు నీళ్లతో కందిపప్పు మూడు విజిళ్లకు ఉడికేది, ఇప్పుడు ఏడు పెట్టినా పలుకు పలుకుగానే ఉంటోంది. గిన్నె అడుగున తెల్లగా పొర కడుతోంది, సబ్బు రుద్దితే నురగ రాదు. గని వాళ్లను అడిగితే "మీ ఊరి నీళ్లు టెస్ట్ చేయిస్తూనే ఉన్నాం, అంతా లిమిట్లోనే ఉంది" అని ఒక కాగితం చేతిలో పెట్టారు. అందులో పీహెచ్ 7.6, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) 610, హార్డ్‌నెస్ (నీళ్ల గట్టిదనం) 340, సల్ఫేట్ 48, నైట్రేట్ 12, పీహెచ్ తప్ప అన్నీ లీటరుకు మిల్లీగ్రాముల్లో. నమ్మకం కలగక నేనే ఇంటి నీళ్లు కడపలో ల్యాబుకిచ్చా. పీహెచ్ 7.4, టీడీఎస్ 1080, హార్డ్‌నెస్ 680, కాల్షియం 168, మెగ్నీషియం 63, క్లోరైడ్ 210, సల్ఫేట్ 260, నైట్రేట్ 72, ఫ్లోరైడ్ 0.8 వచ్చింది. ఒకే ఊరు, రెండు కాగితాలు. ఎవరు అబద్ధం చెప్తున్నట్టు? బొగ్గు గనుల చుట్టూ పైపులు దించి ఏడాది పొడుగునా నీళ్లు చూస్తారంట కదా, అలాంటిది ఊరోళ్లం మేమే చేసుకోవచ్చా?

కేసీ_కెనాల్
పప్పు ఉడక్కపోతే గనిని అంటే ఎట్లప్పా. ఆ కంది ఏ కాలం నాటిదో ముందు చూసుకో.

నాపరాయి_సుబ్బు
అదే కంది మైదుకూరులో మా అత్తగారింట్లో వెన్నలా ఉడికింది. మా అమ్మ స్వయంగా తీసుకెళ్లి చూసొచ్చింది. ఈ ఊళ్లో మొదటి ఫీల్డ్ టెస్ట్ మా అమ్మదే.

ల్యాబ్_లక్ష్మి
నేను నీళ్ల ల్యాబులోనే పని చేస్తా కాబట్టి అంకెల వరకు చెప్తాను. తాగే నీళ్ల మీద భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం హార్డ్‌నెస్ లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపుంటే మంచిది, వేరే నీళ్లు లేకపోతే 600 దాకా సర్దుకోవచ్చు. మీది 680, అంటే పై గీత కూడా దాటింది. సల్ఫేట్‌కి 200, 400. మీది మధ్యలో ఉంది. నైట్రేట్‌కి మాత్రం ఒకటే గీత, 45, సర్దుబాటు లేదు. మీది 72.
మీ రిపోర్టు గాలిలో రాసింది కాదులెండి. కాల్షియాన్ని 2.5తో, మెగ్నీషియాన్ని 4.1తో గుణించి కలిపితే హార్డ్‌నెస్ రావాలి. 420, 258 కలిపితే 678. సరిపోయింది. ఎవరు రిపోర్టు ఇచ్చినా ఈ కూడిక ఒక్కటి వేసి చూడండి, చాలా రిపోర్టులు ఇక్కడే దొరికిపోతాయి.
ఇక నా ప్రశ్నలు. నీళ్లు ఎక్కడ పట్టారు, దేంట్లో పట్టారు? ఇంట్లో ఆరు నెలల లోపు పసిబిడ్డ ఎవరైనా ఉన్నారా?

నాపరాయి_సుబ్బు
మిద్దె మీది ట్యాంకు కుళాయి దగ్గర, కూల్‌డ్రింక్ సీసాలో పట్టానక్కా. కడిగే పట్టాను. చెల్లెలు కాన్పుకొచ్చింది, పాపకు మూడో నెల. ఏం, టెన్షన్ పెడుతున్నారు?

ల్యాబ్_లక్ష్మి
తల్లిపాలు తాగుతుంటే కంగారు లేదు. డబ్బా పాలు కలపాల్సి వస్తే మాత్రం ఈ నీళ్లు వద్దు. నైట్రేట్ ఎక్కువైతే పసిబిడ్డల రక్తం ఆక్సిజన్ మోయలేదు, ఒళ్లు నీలంగా తిరుగుతుంది. కాచినా లాభం లేదు. కాచితే కొంత సున్నం అడుగుకు దిగుతుంది గానీ నైట్రేట్ పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది.
సీసా సంగతి. కూల్‌డ్రింక్ సీసా పారేయండి. ట్యాంకులో నిలిచిన నీళ్లు ట్యాంకు కథ చెప్తాయి, బోరు కథ చెప్పవు. బోరు దగ్గరే, మోటారు పదిహేను నిమిషాలు ఆడనిచ్చి, కొత్త లీటరు సీసాను అవే నీళ్లతో మూడుసార్లు తొలిచి, గొంతు దాకా నింపి మూత పెట్టాలి. ఇనుము, సీసం లాంటి లోహాలు చూడాలంటే వేరే సీసా, అందులో ల్యాబు వాళ్లిచ్చే నైట్రిక్ యాసిడ్ చుక్కలు వేయాలి, లేకపోతే లోహం సీసా గోడకే అంటుకుపోతుంది. పీహెచ్ అక్కడికక్కడే చూసుకోవాలి. సీసా మీద బోరు పేరు, తేదీ, టైము రాసి, ఐస్‌లో పెట్టి అదే రోజు ల్యాబుకు చేర్చండి.

ఆర్టీఐ_రాయుడు
ఇవన్నీ ఎందుకు, పది రూపాయల ఆర్టీఐ పెట్టు. కాలుష్య నియంత్రణ మండలిలో ఈ గని ఫైలు ఉంటుంది. పర్యావరణ అనుమతి తీసుకున్న గని ఏటా జూన్ 1కి ఒకసారి, డిసెంబర్ 1కి ఒకసారి షరతులు ఎంతవరకు పాటించారో రిపోర్టు ఇవ్వాలి. అది 2006 పర్యావరణ అనుమతుల నోటిఫికేషన్‌లోనే ఉంది. 30 రోజుల్లో జవాబు రావాలి.

లారీ_ఓబులేసు
మొదలైంది. గని మూయిస్తే మా లారీల ఈఎంఐ ఎవరు కడతారో అది కూడా ఆర్టీఐలో అడుగు రాయుడూ. సుబ్బు వాళ్ల చిన్నాయన బండి కూడా ఆ గనికే తిరుగుతోంది, సంగతి తెలుసా?

నాపరాయి_సుబ్బు
తెలుసు మామా, ఆయన నాతో రెండు వారాలుగా మాట్లాడటం లేదు. గని మూయమని ఎవరన్నారు? నీళ్లలో ఏముందో చెప్పమంటున్నా.

బొగ్గుబాయి_తాత
సింగరేణిలో రిటైరై ఇప్పుడు ప్రొద్దుటూరులో కూతురి దగ్గర ఉంటున్నా. చివర్లో కొన్నేళ్లు ఓపెన్ కాస్ట్ (పైనుంచి తవ్వే) గనుల చుట్టూ నీళ్లు కొలిచే పనే చేశాను కాబట్టి నాలుగు మాటలు.
సుబ్బు అడిగిన పైపుల పేరు పీజోమీటర్లు. సన్నటి బోరు, అడుగున జల్లెడ పైపు, పైన తాళం మూత. వాటికి మోటారు ఉండదు, నీళ్లు తోడరు, మట్టం చూడటానికే. బొగ్గు గని అనుమతి కాగితంలో మామూలుగా ఉండే షరతు ఏంటంటే, చుట్టుపక్కల బావుల్లో నీటి మట్టం, నాణ్యత ఏడాదికి నాలుగుసార్లు చూడాలి: మే, ఆగస్టు, నవంబరు, జనవరి. ఎప్పుడూ అవే బావులు. మేం పోతే ఊళ్లో పిల్లకాయలు "నీళ్ల సార్ వచ్చిండు" అని వెంటపడేవాళ్లు.
బొగ్గు దగ్గర మొదటి భయం పైరైట్. బంగారంలా మెరిసే ఇనుప గంధకం. అది రాతిలో ఉన్నంతసేపు ఏమీ అనదు. తవ్వి గాలి, నీళ్లు తగలనిస్తే సల్ఫ్యూరిక్ యాసిడ్ అవుతుంది, ఇనుము కరిగి వంకల్లో, అదే వాగుల్లో, పసుపు పచ్చ బురద పడుతుంది. మేఘాలయ బొగ్గులో గంధకం ఎక్కువ, అక్కడ జైంతియా కొండల్లో లూఖా నది చలికాలంలో నీలం రంగుకు తిరిగేది. 2014లో జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ) అక్కడి ఎలుకబొరియల్లాంటి సన్నటి సొరంగాల బొగ్గు తవ్వకాన్ని ఆపమంది. మా గోదావరి లోయ బొగ్గులో గంధకం తక్కువ కాబట్టి అంత ఘోరం చూడలేదు.
ఇప్పుడు మీ ఊరు. మీ దగ్గర పీహెచ్ 7.4 చూసి యాసిడ్ లేదు, అంతా బాగుంది అంటారు. సున్నపురాయి మధ్యలో యాసిడ్ బతకదయ్యా. పుట్టిన చోటే సున్నాన్ని తిని చచ్చిపోతుంది. మిగిలేది కాల్షియం, సల్ఫేట్. అంటే పీహెచ్ కదలదు, హార్డ్‌నెస్, సల్ఫేట్ పెరుగుతాయి. నీ కాగితంలో పెరిగినవి అవే. గని నుంచే అని నేను అనట్లేదు, ఆ దారి ఒకటుందని చెప్తున్నా.

పెన్నా_గట్టు
తాత చెప్పింది నిజమే గానీ తొందరపడొద్దు. నేను జియాలజీ చదివినవాణ్ణి. మన నాపరాయి పొరల మధ్య షేల్ (బంకమట్టి గట్టిపడిన పలకల రాయి) ఉంటుంది, అందులో సహజంగానే పైరైట్ ఉండొచ్చు, సల్ఫేట్ ఉండే జిప్సం ఉండొచ్చు. గని లేని ఊళ్లలో కూడా ఉప్పు నీళ్లు, సవుడు నీళ్లు పడే బోర్లు ఎన్ని లేవు? గని రాక ముందు ఈ బోరు నీళ్లు ఎలా ఉండేవో కాగితం ఉందా? లేకపోతే కందిపప్పు సాక్ష్యం ఒక్కటే మిగులుతుంది.
ఇంకోటి. గని గుంత మీ ఊరి నీటి మట్టం కంటే లోతుగా ఉండి వాళ్లు నీళ్లు తోడుతుంటే, భూమి లోపలి నీళ్లు ఊరి నుంచి గుంతకు పోతాయి, గుంత నుంచి ఊరికి రావు. మరి మీ బోరు ఎలా చెడింది?

ధర్మవరం_అబ్బాయి
మీకు ఫ్లోరైడ్ 0.8 అంటే అదృష్టవంతులు. మా అనంతపురం వైపు గ్రానైట్ రాళ్లు, ఫ్లోరైడ్‌తో పళ్లు గారపట్టి కీళ్లు బిగుసుకుపోయిన ఊళ్లున్నాయి. ఏ గనీ లేదు అక్కడ. నీళ్లు చెడాలంటే గనే ఉండాలని ఏముంది.

ల్యాబ్_లక్ష్మి
@ధర్మవరం_అబ్బాయి వాళ్లకు ఫ్లోరైడ్ తక్కువుండటానికి ఆ సున్నమే కారణం. నీళ్లలో కాల్షియం దండిగా ఉంటే ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దింపేస్తుంది. పప్పు ఉడకని నీళ్లు పళ్లను కాపాడాయన్నమాట.

కేసీ_కెనాల్
అయితే వాళ్ల ఊళ్లో పళ్లు గట్టివి, పప్పు గట్టిది. జోడీ కుదిరింది.

చీనీతోట
నైట్రేట్ సంగతి ఎవరూ అడగట్లేదేంటి. సుబ్బన్నా, మీ ఇంటి బోరుకు దిబ్బ ఎంత దూరం?

నాపరాయి_సుబ్బు
ఏ దిబ్బ?

చీనీతోట
ఏ దిబ్బంటావేమన్నా, పేడదిబ్బ. మాకూ ఇలాగే 80 దాకా వచ్చింది. పక్కనున్న క్రషర్ వాళ్లతో ఏడాది గొడవపడ్డాం. తీరా చూస్తే మా బోరుకు పన్నెండు అడుగుల్లో మా పశువుల కొట్టం.

నాపరాయి_సుబ్బు
పదిహేను అడుగులు ఉంటుంది. అయినా మా తాత కాలం నుంచి ఆ దిబ్బ అక్కడే ఉంది. గనిలో పేలుళ్లకు వాడేది అమ్మోనియం నైట్రేట్ కదా, అందులోంచి రాదా?

బొగ్గుబాయి_తాత
వస్తుంది. పేలకుండా మిగిలిన మందు వానకు కరిగి గుంత నీళ్లలో కలుస్తుంది. అందుకే బొగ్గు గనులు బయటికి వదిలే నీళ్లకు నైట్రేట్ నైట్రోజన్ (నైట్రేట్‌లోని నైట్రోజన్ వరకే లెక్క) లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటకూడదని 2000లోనే నిబంధన పెట్టారు. కానీ పేడ, యూరియా, మరుగుదొడ్డి గుంత, మందుగుండు, ఏది కరిగినా సీసాలో నైట్రేటే. దాని మీద ఊరు పేరు రాసి ఉండదు.

లారీ_ఓబులేసు
అంటే మీ బర్రెలను మూయించాలి ముందు 😀

నాపరాయి_సుబ్బు
నవ్వుకోండి. ఇంతకీ ఏం చేయాలో ఒకరు సరిగ్గా చెప్పండి.

బొగ్గుబాయి_తాత
ఒక్క బోరు, ఒక్క సీసా, ఒక్క రోజు... దీంతో ఏమీ తేలదు నాయనా, వాళ్ల కాగితమైనా నీ కాగితమైనా. నువ్వు చేయాల్సింది ఇది. ఒక రెండొందల పేజీల నోట్‌బుక్ కొను. ఆరేడు బోర్లు ఎంచుకో. గనికి ఎగువన ఒకటైనా ఉండాలి, దిగువన మూడు, గనికీ వంకకీ దూరంగా ఒకటి. ఎగువది లేకుండా దిగువది ఎంత కొలిచినా అది కథే. ప్రతి బోరుకూ లోతు, కేసింగ్ ఎంత, గ్యాపు (నీళ్లొచ్చే రాతి పగులు) ఎన్ని అడుగుల్లో పడింది, పక్కన దిబ్బ ఉందా, పొలంలో ఏం ఎరువు వేస్తారు, అంతా రాయి. ఈసీ (విద్యుత్ వాహకత) మీటరు ఒకటి కొను. టీడీఎస్ మీటరని అమ్మేది కూడా నిజానికి ఈసీనే కొలుస్తుంది, నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చూసి దాన్ని దాదాపు 0.65తో గుణించి టీడీఎస్ అని చూపిస్తుంది. నైట్రేటా సల్ఫేటా అది చెప్పలేదు. ఏ బోరు సీసా ల్యాబుకు పంపాలో మాత్రం చెప్తుంది. డబ్బులు అక్కడ మిగులుతాయి.
నీటి మట్టానికి రెండు పోగుల కరెంటు వైరు తీసుకుని, చివర రెండు రాగి కొనలు ఎడంగా పెట్టి, మునగడానికి ఒక నట్టు కట్టు. పై కొసలు మల్టీమీటరుకి. కొన నీళ్లను తాకగానే మీటరు కదులుతుంది. వైరుకు అడుగడుగుకీ టేపు చుట్టు. మోటారు కనీసం రాత్రంతా ఆపి తెల్లారక ముందు కొలవాలి, మోటారు ఆడుతుండగా కొలిస్తే బోరు ఏడుపు వినిపిస్తుంది గానీ భూమి మాట వినిపించదు.

పెన్నా_గట్టు
నెలలు అవే గానీ మన సీమ వానల తీరు వేరు. బొగ్గు గనుల దగ్గర నవంబరుకు వానలు అయిపోతాయి. మనకు ఈశాన్య వానలు అప్పుడే. 2021 నవంబరులో చెయ్యేరు వరద ఏం చేసిందో మర్చిపోయారా. కాబట్టి మే, ఆగస్టు, నవంబరు ఉంచుకుని జనవరి చివర రీడింగ్ అసలు మానొద్దు. అలాగే సున్నపురాయిలో నీళ్లు వాలు చూసి పోవు, గ్యాపు చూసి పోతాయి. పక్కపక్క బోర్లలో ఒకటి మంచిది, ఒకటి చెడ్డది వస్తే కంగారుపడకు.

ఆర్టీఐ_రాయుడు
సుబ్బూ, గని వాళ్లిచ్చిన కాగితంలో శాంపిల్ ఎక్కడ పట్టారో అక్షాంశం రేఖాంశం ఉంటుంది, చూడు. లేకపోతే అడుగు.

నాపరాయి_సుబ్బు
మూడు వారాలు కనబడలేదు, కారణం ఉంది. వరసగా చెప్తా.
ముందు రాయుడన్న చెప్పిన పని. కాగితం రెండో పేజీ మూలలో చిన్న అక్షరాల్లో అంకెలున్నాయి. "గ్రామ బోరు 1" అని రాశారు. ఫోన్ మ్యాప్‌లో కొడితే పిన్ను ఊళ్లో పడలేదు. గనికి అవతల, ఎగువన, చెరువు కట్ట కింద పడింది. బండేసుకుని పోయి చూశా. అక్కడ పంచాయతీ వాళ్లు ఎప్పుడో వేసిన చేతిపంపు ఉంది, చింతచెట్టు కింద. కొడితే ఇప్పటికీ తియ్యటి నీళ్లు. మేకలు కాసే ఆయన "ఆర్నెల్లకోసారి కారొస్తుంది, సీసా పట్టుకుని పోతారు" అన్నాడు.
తర్వాత మీటరు కొన్నా. ఈసీ రీడింగులు: చెరువు కింది పంపు 930. మా ఇంటి బోరు 1660. వంక పక్కన మా పెదనాన్న చేను బోరు 1710. వంకకు దూరంగా, తూర్పున శెనక్కాయ చేను బోరు 980. గని గుంతలోంచి తోడి వంకలోకి వదిలే నీళ్లు 2040.
గట్టన్న అడిగింది గుర్తుందా, నీళ్లు గుంతకు పోతే మీ బోరు ఎలా చెడింది అని? గుంత నుంచి భూమిలోపలి దారిన రాలేదన్నా, పైపు దారిన వంకలోకొచ్చి ఇంకింది. ఆ వంక ఎండాకాలంలో ఎండి ఉండేది. ఇప్పుడు పన్నెండు నెలలూ పారుతుంది, ఊళ్లో అందరం సంతోషపడ్డాం కూడా. మా ఇంటి వెనక నలభై అడుగుల్లోనే పోతుంది.

ల్యాబ్_లక్ష్మి
చాలా బాగా చేశారు. చూడండి, వాళ్ల టీడీఎస్ 610ని 0.65తో భాగిస్తే 940 దగ్గర వస్తుంది. మీరు ఆ పంపు దగ్గర కొలిచింది 930. అంటే వాళ్ల కాగితం అబద్ధం కాదు. నిజమైన రిపోర్టే, మీ బోరుది కాదంతే.

కేసీ_కెనాల్
మా బావ పెళ్లిచూపులకు వాళ్ల తమ్ముడి ఫోటో పంపినట్టు.

పెన్నా_గట్టు
ఈసీతో ఆగొద్దు. ఇంటి బోరు, పెదనాన్న బోరు, శెనక్కాయ చేను, పంపు, వంక నీళ్లు, ఐదూ ఒకే రోజు ల్యాబుకివ్వు. వంక నీళ్లలో సల్ఫేట్ ఎంతో తెలిస్తే గానీ నీ మాట నిలబడదు.

నాపరాయి_సుబ్బు
ఇచ్చా, నిన్న వచ్చాయి. సల్ఫేట్ వంక నీళ్లలో 390, ఇంటి బోరు 252, పెదనాన్న బోరు 245, శెనక్కాయ చేను 60, పంపు 46. నైట్రేట్ ఇంటి బోరు 70, పెదనాన్న బోరు 31, వంక 38, శెనక్కాయ చేను 22, పంపు 11.

చీనీతోట
సల్ఫేట్ వంకది, నైట్రేట్‌లో సగం నీ దిబ్బది. చెప్పానా లేదా?

నాపరాయి_సుబ్బు
చెప్పావులే తల్లీ. వంకలో 38 ఉంటే మా బోరులో 70 ఎలా వస్తుందని నేనే లెక్క వేసుకున్నా. నిన్న సాయంత్రం దిబ్బ ఎత్తించి చేనుకు తోలించా. మా అమ్మ "తరాల దిబ్బ కదిపావు" అని ఒకటే గొణుగుడు. చెల్లెలి బిడ్డకు చెరువు కింది పంపు నీళ్లే తెస్తున్నాం.

పెన్నా_గట్టు
ఇప్పటికి ఇది బలమైన అనుమానం, అంతే. ఇదొక్క సీజనే. వానలు పడ్డాక వంక నీళ్లు పలచబడితే బోర్లలో సల్ఫేట్ కూడా వెనకే దిగాలి. దిగితే నీ కేసు గట్టిది. దిగకపోతే మళ్లీ ఆలోచించాలి.

ఆర్టీఐ_రాయుడు
నేనైతే ఇప్పుడే కలెక్టరుకి అర్జీ ఇస్తా.

బొగ్గుబాయి_తాత
ఇవ్వండి, కానీ అడగాల్సింది గని ఆపమని కాదు. మూడు మాటలు: శాంపిల్ బోరు మార్చి వంక పక్కన పెట్టండి, ఏడాదికి నాలుగుసార్లు చూడండి, పట్టేటప్పుడు ఊరి మనిషిని పిలవండి. అదే నీళ్లు రెండు సీసాల్లో పట్టి ఒకటి ఊరోళ్లకు ఇవ్వమనండి. ఇంత చిన్న కోరికకు కాదనడం ఎవరికైనా కష్టం.

లారీ_ఓబులేసు
ఇదైతే నాకూ ఓకే. నా చేను కూడా వంక పక్కనే ఏడ్చింది. సుబ్బూ, మా బోరు మూత తీసిపెడతా, వచ్చి కొలుచుకో.

నాపరాయి_సుబ్బు
మామా నువ్వేనా? సరే, ఆగస్టు 16 తెల్లవారుజామున రీడింగ్. 15 రాత్రి తొమ్మిదికి అందరూ మోటార్లు ఆపాలి. వైరు నా దగ్గరుంది, మల్టీమీటరు పెదనాన్న కొడుకుది. సీసాలు కడపకు చేర్చాలి, ఐస్ పెట్టె ఒకటి కావాలి.

లారీ_ఓబులేసు
పెట్టె నాది, 16న కడప ట్రిప్పు కూడా నాదే. నెల్లూరు నుంచి చేపలు తెచ్చిన పెట్టె, వాసనొస్తే నన్ను అడగొద్దు.

ల్యాబ్_లక్ష్మి
వాసన పర్లేదు, సీసా మూతలు గట్టిగా బిగించండి. మధ్యాహ్నం రెండు లోపు తెండి.